నెల ఉత్తరంలో నాలుగో పేరా

శనివారం పొద్దున్నే ఆ ఇంట్లో తూకాల గొడవ మొదలైంది. ప్రయాణానికి ఇంకా పదహారు రోజులే ఉన్నాయి. మనిషికి ఇన్ని కిలోలు, అంతకు మించి ఒక్క రుమాలు కూడా ఒప్పుకోమని విమానం వాళ్ళు చెప్పేశారు. అందుకని మాస్టారు బరువు చూసుకునే మిషన్ని హాలు మధ్యలో పెట్టి, ఒక్కో అట్టపెట్టెనీ దాని మీదకెక్కించి, అంకె కనబడక నేలమీద బోర్లా పడుకుని తొంగిచూస్తున్నారు. ఆయన భార్య పెట్టెలోంచి ఒక లావుపాటి పుస్తకం తీసి పక్కన పెడుతోంది. ఆమె వంటింట్లోకి వెళ్ళగానే ఆయన దాన్ని మళ్ళీ లోపలికి తోసేస్తున్నారు. విమానం ఎక్కకముందే ఆ పుస్తకం నాలుగుసార్లు ప్రయాణం చేసింది.

ఆయన్ని అందరూ మాస్టారనే పిలుస్తారు. ఇరవై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పి, ఆ తర్వాత టీచర్లకే పాఠం చెప్పడం నేర్పే పనిలో పడ్డారు. భార్య నర్సు. ఆస్పత్రిలోనూ, చర్చి సంఘంలోనూ, ఇంటి చుట్టుపక్కలా ఆమె నర్సమ్మే. వాళ్ళకు ఒక్కతే కూతురు, పదిహేడేళ్ళది. పుట్టినప్పుడు గుప్పెడంత ఉండేదని, మాటలొచ్చాక ఇక ఆపలేదని పిచ్చుక అన్నారు, అదే ఖాయమైపోయింది. ముగ్గురూ క్రైస్తవ మిషన్ పని మీద రెండు సముద్రాల అవతలి దీవుల దేశానికి వెళ్తున్నారు. అక్కడ బళ్ళున్నాయి, పిల్లలున్నారు, పాఠం ఎలా చెప్పాలో ఎవరూ నేర్పని టీచర్లున్నారు. వాళ్ళ కోసం ఒక చిన్న శిక్షణ కాలేజీ పెట్టాలి. నర్సమ్మ బడిపిల్లల ఆరోగ్యం చూసుకుంటుంది. పిచ్చుక చివరి ఏడాది చదువు అక్కడే చదువుతుంది.

పక్క వీధిలో మాస్టారి అక్క ఉంటుంది. బట్టలు కుట్టి బతికే మనిషి. ఆ దీవుల్లో ఏడాదిలో తొమ్మిది నెలలు వానేనట, కాగితం చార్టులు వారానికే బూజు పట్టిపోతాయట. అది విన్నప్పటినుంచి ఆమె తెల్లగుడ్డ మీద రంగుగుడ్డ అక్షరాలు కత్తిరించి కుడుతోంది. ఆ దేశపు లిపి ఆమెకు ముక్క రాదు. రెండు అక్షరాలు తలకిందులుగా కుట్టేసి, మేనకోడలి చేత చీవాట్లు తిని, విప్పి మళ్ళీ కుట్టింది. ప్రేమ గల మనిషేగానీ నోట్లో నువ్వుగింజ నానదు. ఇంట్లో ఏ రహస్యమైనా ఆమె చెవిన పడకుండా దాచడం ఆ కుటుంబానికి పాత అలవాటు.

ఆ పొద్దున సర్టిఫికెట్లు జిరాక్సు తీయించడానికి పిచ్చుక వెళ్ళింది. ఆ షాపావిడ వీళ్ళ సంఘంలో సండే స్కూలు పెద్ద. పిల్లను చూడగానే మిషన్ ఆపి, బల్ల చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చి, రెండు చేతులూ పట్టుకుంది.

"నీ కోసం నిన్నంతా ఉపవాసం ఉన్నానమ్మా. ఏం భయపడకు. నువ్వు ఆయన్ని వదిలేసినా ఆయన నిన్ను వదలడు."

పరీక్షల గురించేమో అనుకుంది పిచ్చుక మొదట. ఆవిడ కళ్ళలో నీళ్ళు చూశాక పరీక్షలకు ఎవరూ ఇంత ఏడవరని తెలిసింది. అప్పుడు బల్లమీది అద్దం కింద ఉన్న కాగితం కనబడింది. నాన్న నెల ఉత్తరం. మిషన్ పనికి వెళ్ళే ప్రతి కుటుంబమూ తమ కోసం ప్రార్థించే ఇళ్ళన్నిటికీ నెలకో ఉత్తరం పంపాలి. ఈ కుటుంబానికి అలాంటి ఇళ్ళు రెండు వందల పది. ఉత్తరంలో నాలుగు పేరాలుంటాయి, నాలుగోది ప్రార్థన మనవులు. ఇన్నాళ్ళూ ఆ పేరాలో వీసా, కొత్త భాష, అమ్మ మోకాలినొప్పి తప్ప మరొకటి లేదు. ఈ నెల నాలుగో పేరా కింద ఎవరో ఎర్రపెన్నుతో గీత గీశారు.

"చివరిగా కన్నీళ్ళతో ఒక మనవి. మా ఏకైక బిడ్డ ఏడాదిగా కళ్ళు మూసుకుని ప్రార్థిస్తోందిగానీ, అవతల ఎవరూ లేరనిపిస్తోందట. ఖాళీ గదిలో మాట్లాడుతున్నట్టుంది నాన్నా, అని నాతో చెప్పింది. ఎవరి పిల్లలకో వెలుగు మోసుకెళ్ళే ఇంట్లోనే దీపం రెపరెపలాడుతోంది. ఆమె కోసం మోకరించండి."

పిచ్చుక జిరాక్సులు అక్కడే వదిలేసి బయటికి వచ్చింది.

ఐదు వారాల కిందటి మాట అది. మంగళవారాల్లో ముగ్గురూ ఒక రిటైరైన పెద్దాయన దగ్గర దీవుల భాష నేర్చుకోవడానికి వెళ్ళేవాళ్ళు. ఆ రోజు అమ్మకు డ్యూటీ. వానలో తండ్రీకూతుళ్ళు ఒకే గొడుగు కింద నడిచి వస్తుంటే, ఎందుకో ఆ పిల్లకు నోరు పెగిలింది. ఏడాదిగా తనలో తను కుమిలిపోతున్నది చెప్పేసింది. నమ్మకం పోయిందో, దారి తప్పిందో తెలియడం లేదని, అందరూ పాడుతుంటే తను పెదాలు మాత్రం కదుపుతోందని చెప్పింది. ఎవరికీ చెప్పొద్దు, అమ్మకు కూడా, నేను తేల్చుకునేదాకా, అంది. ఆయన గొడుగు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుని, తల నిమిరి, చెప్పను తల్లీ అన్నారు. ఆ పిల్ల ఏడాది తర్వాత ఆ పూట కడుపునిండా అన్నం తింది.

ఇప్పుడు నడుస్తుంటే గత నాలుగు రోజులూ ఒక్కొక్కటిగా అర్థమవుతున్నాయి. పాటల బృందంలో ఈ వారం నువ్వు కూర్చో అమ్మా అన్నారు. సండే స్కూల్లో తను పాఠం చెప్పే చిన్నపిల్లల క్లాసు మరొకరికి ఇచ్చారు, ఎలాగూ వెళ్ళిపోతున్నావు కదా అన్నారు. నిజమేననుకుంది. ఆ పన్నెండు మంది చిన్నపిల్లలంటే ఆమెకు ప్రాణం. దేవుడి సంగతి తేలకపోయినా ఆ పిల్లలకు కథ చెబుతున్నంతసేపూ గది ఖాళీగా అనిపించేది కాదు. అది నాన్నకు చెప్పడం మర్చిపోయింది.

ఇంట్లోకి వచ్చేసరికి మాస్టారు ఇంకా నేలమీదే ఉన్నారు. నర్సమ్మ పాలు దించుతోంది. పిచ్చుక తలుపు దగ్గరే నిలబడి, నాలుగో పేరాని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా అప్పజెప్పింది. ఒక్కసారి చదివితే ఏదైనా వచ్చేసే పిల్ల అని దీవుల భాష నేర్పే పెద్దాయన మెచ్చుకునేవారు. పాలగిన్నె నర్సమ్మ చేతిలోనే ఉండిపోయింది.

మాస్టారు లేచి కూర్చున్నారు. మోయలేకపోయానని, ఐదు వారాలు నిద్ర లేదని, మనకు భారం కలిగినప్పుడు నలుగురినీ ప్రార్థించమని అడగడమే కదా మనకు తెలిసిందని అన్నారు. అందులో అబద్ధం లేదు. పుట్టిందగ్గర్నుంచీ ఆయన పెరిగిన పద్ధతి అది. కడుపునొప్పి వచ్చినా సంఘంలో చెబుతారు, పెళ్ళిచూపులైనా చెబుతారు. చెప్పుకుంటే తగ్గుతుందని ఆయన నమ్మకం. తన నొప్పికీ, కూతురి నొప్పికీ తేడా ఉందని ఆయనకు తట్టలేదు.

"నాన్నా, అది ఎన్నిసార్లు తిరగరాశావు?" అంది పిచ్చుక.

ఆయనకు ప్రశ్న అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది.

"మూడుసార్లు."

"దీపం రెపరెపలాడటం మొదటిసారే వచ్చిందా?"

"లేదు. మూడోసారి."

"ఏడుస్తూ రాశావా?"

"మొదటిసారి ఏడ్చాను తల్లీ."

"మరి మూడోసారి?"

మూడోసారి ఆయన ఆ వాక్యాన్ని పైకి చదువుకున్నారు. బావుందనుకున్నారు. ఆ సంగతి ఇప్పుడు, కూతురు అడిగితేగానీ, ఆయనకే గుర్తుకు రాలేదు.

జవాబులు ఎన్ని వచ్చాయని అడిగింది. ఎప్పుడూ నాలుగైదు మించనివి ఈసారి యాభై దాటాయి. మిషన్ కార్యదర్శి ఫోన్ చేసి, ఉత్తరం గుండెను పిండేసింది, మిగతా శాఖల్లో కూడా చదివిస్తామన్నారు. మాస్టారు దాచుకోకుండా అంతా చెప్పారు. మూడు రోజులుగా నాన్న కూనిరాగాలు తీస్తూ పెట్టెలు సర్దడం పిచ్చుక చూసింది. ప్రయాణం దగ్గరపడ్డ సంతోషమనుకుంది.

నర్సమ్మ పాలగిన్నె గట్టుమీద పెట్టింది. ప్రతి నెలా ఉత్తరం అచ్చుకు వెళ్ళేముందు తప్పులు దిద్దేది ఆమె. ఈ నెల ఆస్పత్రిలో పని అప్పగించే హడావుడిలో, నేను చూసుకుంటాలే అని ఆయన పంపేశారు.

"ఐదు వారాలుగా మీ ఇద్దరికీ తెలుసు," అంది. "తర్వాత రెండొందల పది ఇళ్ళకి తెలిసింది. నా బిడ్డ సంగతి అందరికంటే ఆఖర్న నాకు తెలిసింది."

పిచ్చుక లోపలికి వెళ్ళి రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకుంది. నేను రాను, అత్త దగ్గరుంటాను, మీరిద్దరూ వెళ్ళండి, అంది. గట్టిగా కూడా అనలేదు. అరిస్తే బాగుండునని మాస్టారికి అనిపించింది. తూకం మిషన్ మీద మూడో పెట్టె, ఆ పిల్ల పుస్తకాలది, అలాగే ఉండిపోయింది.

మధ్యాహ్నం ఆయన అక్క ఇంటికి వెళ్ళారు. పిచ్చుక మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. అక్క కుట్టుమిషన్ తొక్కడం ఆపలేదు. ఉత్తరం ఆమెకూ వచ్చింది, కుట్టుపనిలో పడి ఇంకా విప్పలేదట. ఇప్పుడు మొత్తం తెలిసింది.

"ఒరేయ్, నా నోట్లో నువ్వుగింజ నానదని అందరూ నవ్వుతారు కదా," అంది. "నేనయినా వీధిలో నలుగురికి చెప్పి ఊరుకుంటాను. అచ్చేయించి పంచను."

మాస్టారు తల దించుకున్నారు. మంచం దగ్గరికి వెళ్ళి, రేపు కాక పై ఆదివారం వీడ్కోలు ఆరాధనలో అందరి ముందూ నిలబడి తప్పు ఒప్పుకుంటానని, క్షమించమని అడుగుతానని అన్నారు. పిచ్చుక లేచి కూర్చుంది.

"వద్దు నాన్నా. నువ్వు నిలబడి ఏడిస్తే వాళ్ళూ ఏడుస్తారు. ఇంటికెళ్ళి ఎంత బాగా చెప్పాడో అనుకుంటారు. మళ్ళీ నేనే దొరుకుతాను."

"మరి నన్నేం చేయమంటావు?"

"ఏమీ చేయకు. నా గురించి మాట్లాడకు. నీకు చేతనవుతుందా?"

ఆయన వీధిలోకి వచ్చారు. ముప్పై ఏళ్ళుగా మాటతోనే బతికారు. క్లాసులో మాటే, సంఘంలో మాటే. తప్పు చేస్తే పశ్చాత్తాపపడటం తెలుసు, అది కూడా మైకు ముందే తెలుసు. నోరు మూసుకుని దిద్దుకునే తప్పు ఇదే మొదటిది. ఆ పిల్ల అన్నది అక్షరాలా నిజమని, ఏడుస్తూ చెప్పబోయే ఆ క్షమాపణలో రెండు మంచి వాక్యాలు దార్లోనే తయారుచేసుకుంటూ వచ్చానని గుర్తొచ్చి, సిగ్గుతో ఆయనకు చెమట పట్టింది.

సోమవారం మిషన్ కార్యదర్శికి ఫోన్ చేశారు. ఆ ఉత్తరం ఇంకెక్కడా చదవొద్దన్నారు. కార్యదర్శి నొచ్చుకున్నారు. అప్పటికే రెండు శాఖల్లో ఆ కుటుంబం కోసం ప్రార్థన గుంపులు ఏర్పాటయ్యాయట, కారణం ఏం చెప్పాలని అడిగారు. నాది కాని మాట రాశాను, అంతకంటే చెప్పలేను, అన్నారు మాస్టారు. మరునాడు జిరాక్సు షాపుకు వెళ్ళి, ఆ అద్దం కింది కాగితం అడిగి తీసుకున్నారు. పిల్ల దగ్గర ఆ ప్రస్తావన ఎత్తొద్దని, చివరి ఆదివారం ఆ చిన్నపిల్లల క్లాసు దానికే ఇవ్వమని అడిగారు. ఆవిడ, నమ్మకం తేలని పిల్ల చేతిలో చిన్నపిల్లల్ని ఎలా పెడతాం మాస్టారూ, అంది. ఇవ్వలేదు. కూతురు కోల్పోయినదాన్ని తిరిగి తెచ్చివ్వడం తన చేతిలో లేదని అప్పుడు తెలిసింది. అక్కడ కూడా ఆయన మాట పెంచలేదు.

పాస్టరుగారి దగ్గర పని మరింత కష్టమైంది. వీడ్కోలు ఆరాధనలో పిల్లను ముందుకు పిలిచి, పెద్దలంతా తల మీద చేతులుంచి ప్రార్థించాలని ఆయన అప్పటికే ఏర్పాటు చేశారు. మంచి మనిషి, ఆ పిల్లను ఎత్తుకు పెంచినవాడు.

"సంఘమంతా ప్రేమతో అడుగుతోంది మాస్టారూ."

"తెలుసు అయ్యగారూ. ఆ ప్రేమ కోసమే నేను నా బిడ్డ మాట ఖర్చుపెట్టాను. ఇక దాన్ని పిలవకండి."

పాస్టరుగారు ఆయన ముఖంలోకి చూసి, సరేనన్నారు. ఇంకేమీ అడగలేదు.

నర్సమ్మ ఆ వారమంతా డ్యూటీ దిగగానే వదినగారింటికే వెళ్ళింది. కూతుర్ని ఏమీ అడగలేదు. కూర్చుని గుడ్డ అక్షరాలకు అంచులు కుట్టింది. నాలుగో రోజు పిచ్చుకే, నీకెందుకు చెప్పలేదో తెలుసా, ఏడుస్తావని, అంది. నర్సమ్మ ఏడవకుండా దారం తెంపింది. నేను ఏడ్చినా నీ మాట నా దగ్గరే ఉండేది కదే, అంది. ఆ రోజు ఇద్దరూ ఒకే మంచం మీద ఇరుక్కుని పడుకున్నారు. మాస్టారు మాత్రం ఇంట్లో ఒక్కరే పెట్టెల మధ్య తిరిగారు.

ఆదివారం వచ్చింది. వీడ్కోలు ఆరాధనకు వెనక బెంచీ దాకా నిండిపోయారు. ఆఖరి వరసలో మేనత్త పక్కన పిచ్చుక కూర్చుంది. వస్తుందని ఎవరూ అనుకోలేదు, మేనత్త లాక్కొచ్చిందో, తనే వచ్చిందో తెలియదు. పాస్టరుగారు మాస్టారిని, దేవుడు చేసిన మేలును అందరి ముందూ సాక్ష్యంగా చెప్పమని పిలిచారు. ముందు వరసల్లో ఆడవాళ్ళు రుమాళ్ళు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. ఉత్తరం చదివినవాళ్ళే అందరూ. ఈ రోజు మాస్టారు కంటతడి పెట్టించకుండా వదలరని వాళ్ళకు గట్టి నమ్మకం.

మాస్టారు మైకు దగ్గరికి వచ్చి వందనాలు చెప్పారు. ఆ దీవుల్లో నూట నలభై బళ్ళున్నాయన్నారు. టీచర్లు మూడు వందల పన్నెండు మంది, శిక్షణ పొందినవాళ్ళు తొమ్మిది మంది అన్నారు. కోర్సు పద్నాలుగు నెలలు, మొదటి నాలుగు నెలలూ చదవడం నేర్పే పద్ధతి, తర్వాత కూడికలు, తీసివేతలు అన్నారు. ఎవరో దగ్గారు. "మా ఇంట్లో..." అని మొదలుపెట్టి ఆగిపోయారు. రుమాళ్ళు లేచాయి. ఆయన ఆఖరి వరస వైపు చూశారు, గ్లాసెత్తి నీళ్ళు తాగారు, గ్లాసు కింద పెట్టారు. నల్లబల్లకు వేసే రంగు అక్కడ దొరకదు కాబట్టి ఇక్కడినుంచి ఆరు డబ్బాలు పంపుతున్నామని, గోడకు రెండు పూతలు వేస్తే మూడేళ్ళు ఉంటుందని చెప్పి, వెళ్ళి కూర్చున్నారు.

మొత్తం ఆరు నిమిషాలు. రుమాళ్ళు మడతలు విప్పకుండానే సంచుల్లోకి వెళ్ళిపోయాయి. మాస్టారికి ఒంట్లో బాగున్నట్టు లేదని ఒక పెద్దాయన పక్కాయనతో అన్నాడు. పాస్టరుగారు కుటుంబం కోసం చిన్న ప్రార్థన చేసి ముగించారు. ఎవరినీ ముందుకు పిలవలేదు.

బయట వాకిట్లో మాస్టారు చెప్పులు వేసుకుంటూ చాలాసేపు వంగే ఉన్నారు. పిచ్చుక వచ్చి ఎదురుగా నిలబడింది. ఎనిమిది రోజుల తర్వాత తండ్రితో మొదటి మాట మాట్లాడింది.

"ఇంత బోరు కొట్టే సాక్ష్యం నేనెప్పుడూ వినలేదు నాన్నా."

"రంగు డబ్బాల దగ్గర కోశాధికారి గురక పెట్టాడు," అన్నారు మాస్టారు.

ఆ పిల్ల నవ్వబోయి ఏడ్చేసింది. ఆయన చేయి సగం దాకా లేచి, తల నిమరవచ్చో లేదో తెలియక ఆగిపోయింది. పిచ్చుకే ఒక అడుగు ముందుకు వేసి ఆ చేతి కింద తల పెట్టింది. కోపం పోలేదు నాన్నా, అంది. పోవాలని నేను అడగను, అన్నారాయన.

"వస్తాను," అంది ముక్కు తుడుచుకుంటూ. "కానీ అక్కడినుంచి నెల ఉత్తరం అమ్మ రాస్తుంది."

"సరే."

"నువ్వు తప్పులు కూడా దిద్దొద్దు."

"సరేనమ్మా."

నర్సమ్మా, మేనత్తా ముందు నడుస్తున్నారు. మేనత్త రెండడుగులకోసారి వెనక్కి తిరిగి చూస్తోంది, చెవులు రిక్కించి. పిచ్చుక కావాలనే నడక తగ్గించింది. వాళ్ళు మలుపు తిరిగి కనుమరుగయ్యాక, తండ్రికి ఒక సంగతి చెప్పడం మొదలుపెట్టింది. ఇల్లు వచ్చేదాకా చెబుతూనే ఉంది. ఎవరికీ చెప్పొద్దని ఈసారి అనలేదు. ఆయన మధ్యలో ఊఁ కొట్టడం తప్ప ఏమీ అనలేదు. కళ్ళనీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా నడిచారు.

ఇంట్లో కంచాలు పెడుతూ నర్సమ్మ మెల్లగా, ఏమందండీ, అని అడిగింది. ఆ ముఖంలో ఆశ చూసి మాస్టారికి చెప్పాలని నాలుక దాకా వచ్చింది.

"దాన్నే అడుగు," అన్నారు.

నర్సమ్మ ఒక్క క్షణం చిన్నబుచ్చుకుంది. తర్వాత ఆమెకు కళ్ళు నిండిపోయాయి, ఆయన కంచంలో అన్నం ఇంకొంచెం ఎక్కువ వడ్డించింది.

ఏం చెప్పిందని మీరూ అడుగుతారు. మొదటి మాట ఎలాగూ అచ్చులో వీధులపాలైంది గనక రాశాను. ఇది మాత్రం రాయను.